ఫిక్స్‌డ్ ఛార్జీని నేనెందుకు తిట్టుకోను

కరెంటు బిల్లులో నాకు కోపం తెప్పించని లైను ఒకే ఒక్కటి. ఫిక్స్‌డ్ ఛార్జీ. ఈ ముక్క మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అన్నానని నన్ను వాయించి వదిలిపెట్టారు. "మీరు కరెంటోళ్ళ మనిషి సార్, మీరలాగే అంటారు" అని ఒకాయన తేల్చేశాడు. కరెంటోళ్ళ మనిషిని కాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు ఒక ప్రైవేటు కంపెనీ తరఫున సబ్‌స్టేషన్లలో రిలేలు (లైనులో తేడా వస్తే పసిగట్టి కరెంటు తెంపించే పరికరాలు) టెస్ట్ చేస్తూ తిరిగాను. ఆ తర్వాత బెంగుళూరులో అందరిలాగే ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుపోయాను. గ్రూపులో రెండు వాక్యాల్లో చెప్పలేకపోయిన సంగతిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

గొడవేంటో తెలియనివాళ్ళ కోసం: 2025 ఏప్రిల్ నుంచి కర్ణాటకలో ఇళ్ళ కనెక్షన్లకు ఫిక్స్‌డ్ ఛార్జీని కిలోవాటుకు నెలకు 120 రూపాయల నుంచి 145కి పెంచారు. యూనిట్ ధరను 5.90 నుంచి 5.80కి దించారు. ఆ రేటున మూడు కిలోవాట్ల లోడు (ఒకేసారి ఎంత వాడుకోవచ్చన్న హద్దు) రాయించుకున్న ఇల్లయితే, తాళం వేసి నెలంతా ఊళ్ళో కూర్చున్నా 435 రూపాయలు కట్టాల్సిందే. "వాడని కరెంటుకి డబ్బులేంటి?" అన్నది జనం ప్రశ్న. దీనికి తోడు, మా వెనక వీధిలో సొంతిల్లు కట్టుకున్న చిత్తూరు మిత్రుడు ఒకడున్నాడు. మేడ మీద సోలార్ పెట్టించాడు. "రేపు బ్యాటరీ కూడా పెట్టించేస్తే ఈ గ్రిడ్డుతో నాకేం పనన్నా, కనెక్షన్ పీకించేస్తా" అంటాడు కనపడినప్పుడల్లా. గ్రిడ్డంటే ప్లాంట్లనూ మన ఇళ్ళనూ కలిపే తీగల వల.

వాడని కరెంటుకి ఎవరూ డబ్బులు తీసుకోవడం లేదు. అర్ధరాత్రి మీరు గీజర్ స్విచ్ వేస్తే, ముందు ఎవరికీ చెప్పాపెట్టకుండా వేసినా సరే, ఆ క్షణానికి ఆ రెండు కిలోవాట్లు వచ్చి తీరేలా ఎక్కడెక్కడో యంత్రాలూ మనుషులూ కాచుకొని ఉంటారు. ఆ కాపలాకి కట్టే డబ్బు అది. కాపలా అన్నాక మీరు స్విచ్ వేసిన రోజూ ఉంటుంది, వేయని రోజూ ఉంటుంది.

కరెంటుతో చిక్కేంటంటే, దాన్ని చేసి పక్కన పెట్టుకోవడం కుదరదు. బ్యాటరీలున్నాయి, పై చెరువులోకి నీళ్ళు తోడి పెట్టుకొని సాయంత్రం కిందికి వదిలే ప్రాజెక్టులున్నాయి, మన శ్రీశైలం ఎడమగట్టున ఉన్నది అలాంటిదే. కానీ దేశం వాడకం ముందు అవన్నీ కలిపినా ఇప్పటికి చిటికెడే. ఈ క్షణాన ఎంత వాడుతున్నామో ఈ క్షణాన అంతే పుట్టాలి. 2024 మే 30న దేశం మొత్తం వాడకం రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. అదంతా ఆ నిమిషంలో ఎక్కడో తిరుగుతున్న టర్బైన్ల నుంచీ, ఎండ పడుతున్న పలకల నుంచీ అప్పటికప్పుడు వచ్చిందే.

లెక్క సరిపోతోందో లేదో చెప్పేది ఫ్రీక్వెన్సీ. మన దగ్గర 50 హెర్ట్జ్, అంటే తీగలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగాలి. రామగుండంలో తిరిగే జనరేటరూ, గుజరాత్ తీరాన తిరిగే జనరేటరూ, హిమాచల్ కొండల్లో తిరిగేదీ అన్నీ ఒకే లయకు కట్టుబడి తిరుగుతాయి. రథోత్సవంలో మోకులు పట్టుకొని వందలమంది ఒకే రథాన్ని లాగుతారే, అలా. ఎత్తు ఎక్కాల్సి వస్తే అందరి నడకా కలిసే నెమ్మదిస్తుంది. నలుగురు మోకు వదిలేస్తే ఆ బరువు మిగిలినవాళ్ళ చేతుల మీద పడుతుంది. వాడకం ఎక్కువై ఉత్పత్తి చాలకపోతే దేశంలోని ప్రతి యంత్రమూ ఒక పిసరు నెమ్మదిస్తుంది, ఫ్రీక్వెన్సీ 50 కంటే కిందికి జారుతుంది. ఉత్పత్తి ఎక్కువైతే పైకి పోతుంది. 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలన్నది నియమం. ఎంత సన్నటి దారో చూడండి. మరీ 49.4 దాకా పడిపోతే మనుషుల్ని అడగకుండానే రిలేలు కొన్ని ఫీడర్లను (ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్ళే లైన్లను) తెంపేస్తాయి. కొందరికి కరెంటు తీసేసి మిగతా అందరినీ కాపాడటమన్నమాట.

ఈ లయను కనిపెట్టుకొని ఉండే ఆఫీసు ఒకటి బెంగుళూరు నడిబొడ్డునే ఉంది. రేస్ కోర్స్ క్రాస్ రోడ్డులో, ఆనందరావు సర్కిల్ దగ్గర, దక్షిణ ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం. మెజెస్టిక్ బస్టాండుకు వెళ్తూ ఆ పక్కనుంచి వేలసార్లు పోయి ఉంటాం, ఎవరూ తలెత్తి చూడరు. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ప్రతి ముక్కలో ఏ ప్లాంటు ఎంత ఇవ్వాలి, ఆంధ్ర ఎంత తీసుకోవాలి, కర్ణాటక ఎంత తీసుకోవాలి అని ముందురోజే షెడ్యూలు రాసిపెడతారు. మర్నాడు మబ్బు పట్టినా, గాలి ఆగినా, ఎక్కడో ప్లాంటులో ఒక యూనిట్ (ఒక జనరేటర్) ట్రిప్పయి ఆగిపోయినా ఆ షెడ్యూలు తిరగరాస్తూనే ఉంటారు.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టమన్నారు. పన్నెండు వేలో పద్నాలుగు వేలో మెగావాట్లు తగ్గొచ్చని అంచనా వేసుకున్నారు. తగ్గింది 31,089. అంచనాకు రెట్టింపు కంటే ఎక్కువ వాడకం నిమిషాల్లో మాయమై, మళ్ళీ నిమిషాల్లో తిరిగొచ్చింది. దేశంలోని జలవిద్యుత్ కేంద్రాలను దానికోసమే ముందు నిండుగా నడిపి, సరిగ్గా ఆ సమయానికి దించి, మళ్ళీ ఎక్కించారు. ఫ్రీక్వెన్సీ 49.7 నుంచి 50.26 దాకా ఊగింది, అంతే. ఎక్కడా గ్రిడ్ పడిపోలేదు. ఆ రాత్రి బాల్కనీల్లో దీపాలు పెట్టినవాళ్ళలో కంట్రోల్ రూముల్లో కూర్చున్నవాళ్ళను తలుచుకున్నవాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే.

ఇంత క్రమశిక్షణ మనకు మొదట్నుంచీ ఉన్నది కాదు. తొంభైల్లో సాయంత్రమయ్యేసరికి ఫ్యాన్లు నీరసంగా తిరిగేవి గుర్తుందా? దక్షిణాదిలో ఫ్రీక్వెన్సీ 48.5 కంటే కిందికి దిగడం ఆ రోజుల్లో మామూలు. ప్రతి రాష్ట్రమూ తన వాటా కంటే ఎక్కువ లాక్కునేది, ఎవరూ అడిగేవారు కాదు. 2003 జనవరి 1 నుంచి దక్షిణాదిలో కొత్త పద్ధతి పెట్టారు. ఫ్రీక్వెన్సీ పడిపోయి ఉన్నప్పుడు షెడ్యూలు దాటి లాక్కుంటే అందుకు మండిపోయే ధర. అంతవరకూ ఎన్ని సర్క్యులర్లు పంపినా రాని క్రమశిక్షణ ఆ రేటుతో నెలల్లో వచ్చేసింది. దేనికి డబ్బు కడుతున్నామో బిల్లు మీద విడిగా కనపడితే మనుషుల తీరు మారుతుందని నేను నమ్మడానికి సగం కారణం ఇదే.

ఇక బెంగుళూరు సంగతి. ఇంత మహానగరంలో కరెంటు పుట్టేదెంత? యెలహంకలో 370 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ఉంది. అది తప్పిస్తే చెప్పుకోదగ్గదేమీ లేదు. ఈ ఊరికి కరెంటు మొదట్నుంచీ దూరం నుంచి వచ్చిందే. 1902లో శివనసముద్రంలో పుట్టిన కరెంటును దాదాపు 147 కిలోమీటర్లు తీగల మీద తీసుకెళ్ళి కోలార్ బంగారు గనులకిచ్చారు. ఆ రోజుల్లో ప్రపంచంలోనే చాలా పొడవైన లైన్లలో అదొకటి. లైను వేయించింది గనుల అవసరం. బెంగుళూరు వీధి దీపాలు వెలిగింది ఇంకో మూడేళ్ళకు, 1905లో. కాపలా ఖర్చు భరించే ఖాతాదారు ముందు ఉంటేనే లైను పడుతుందన్నది అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

ఇప్పుడు ఇక్కడికొచ్చే దారులు చాలా ఉన్నాయి. రాయచూరు బొగ్గు, శరావతి నీళ్ళు, కైగా అణువిద్యుత్తు, పావగడ ఎండ. ఒడిశాలోని తాల్చేరు నుంచి కోలార్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల డీసీ (ఊగకుండా ఒకే దిశలో పారే కరెంటు) లైను ఒకటి 2003 నుంచి నడుస్తోంది, అది మన ఆంధ్ర మీదుగానే వస్తుంది. పావగడ మనకు కొత్త ఊరేం కాదు, చుట్టూ మూడు వైపులా ఆంధ్రే, సంతకెళ్తే సగం బేరాలు తెలుగులోనే. అక్కడ పదమూడు వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి అది నిండుగా ఇస్తుంది. అప్పుడు రాయచూరు యూనిట్లను తగ్గించాలి. కానీ బొగ్గు యూనిట్‌ను ఒక స్థాయి కంటే తగ్గిస్తే బాయిలర్‌లో మంట నిలబడదు, మామూలుగా 55 శాతం దగ్గర ఆపుతారు. పూర్తిగా ఆపేస్తే మళ్ళీ అందుకోవడానికి గంటలు పడుతుంది. కాబట్టి అక్కర లేకపోయినా అది సగం మంట మీద నిలబడి ఉంటుంది, సాయంత్రం కోసం. ఆరు దాటాక పావగడ సున్నా. సరిగ్గా అప్పుడే మనమంతా ఇళ్ళకు చేరి లిఫ్టెక్కి, లైట్లేసి, ఇండక్షన్ స్టవ్ పెడతాం. రాయచూరు పైకి లేస్తుంది, శరావతిలో గేట్లు తెరుచుకుంటాయి. 1,035 మెగావాట్ల శరావతికి నిండు లోడుకు రావడం నిమిషాల పని. పగలంతా అది కూర్చున్నది ఈ రెండు మూడు గంటల కోసమే. కూర్చున్నంతసేపూ అప్పు మీద వడ్డీ ఆగదు, జీతాలు ఆగవు.

గ్రీన్ పవర్ గురించి ఒక చిన్న మాట. "మా టెక్‌పార్కు నూటికి నూరు శాతం సోలారే" అని గర్వంగా చెప్తారు. ఒప్పందం మీద అది నిజమే, కాదనను. రాత్రి షిఫ్టులో వాళ్ళ లైట్లు వెలిగించేది మాత్రం బొగ్గో నీళ్ళో. తీగల్లో కరెంటుకు అగ్రిమెంట్లు తెలియవు, తేలికైన దారి చూసుకొని పోతుంది.

తీగల దగ్గరికొద్దాం, నాకిష్టమైన భాగం ఇది. దూరాలకు కరెంటు పంపేటప్పుడు వోల్టేజిని అంతంత ఎందుకు పెంచుతారు? 100 మెగావాట్లను 11 కేవీలో (11 వేల వోల్టుల్లో) పంపాలంటే తీగలో ఐదు వేల ఆంపియర్లకు పైగా పారాలి. అదే 400 కేవీలో అయితే 150 లోపే. తీగలో వేడిగా పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే తీగ మీద నష్టం సుమారు 1,300 రెట్లు తగ్గుతుంది. అందుకే పుట్టినచోట పెంచి, 400, 220, 66 అని మెట్లు మెట్లుగా దించుకుంటూ వచ్చి, చివరికి వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 11 కేవీ నుంచి ఇంటి వోల్టేజికి తెస్తారు. మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు 132, 33 అలవాటు. బెంగుళూరులో వాటి చోట 66 కనిపిస్తుంది.

ఈసారి బెంగుళూరులో హూడి వైపు వెళ్తే పెద్ద టవర్ల చేతుల నుంచి వేలాడే పింగాణీ డిస్కులు లెక్కపెట్టండి. 66 కేవీకి ఐదారు ఉంటాయి. 220కి పదమూడో పద్నాలుగో. 400కి ఇరవై దాటతాయి. బోర్డు చూడకుండా లైను ఎంతదో చెప్పేయొచ్చు, పిల్లలకు నేర్పితే కారు ప్రయాణంలో కాసేపు గొడవ చేయరు. తీగలకు జంతువుల పేర్లు కూడా ఉంటాయి. 132కి పాంథర్, 220కి జీబ్రా, 400కి మూస్. మూస్ కోసి చూస్తే నడుమ ఏడు ఉక్కు పోగులు, చుట్టూ 54 అల్యూమినియం పోగులు. ఉక్కు బరువు మోస్తుంది, అల్యూమినియం కరెంటు మోస్తుంది. "జీబ్రా రెండు డ్రమ్ములు పంపించండి" అని స్టోర్‌కి ఎవరో ఫోన్ చేస్తుంటే మొదటిసారి విని నేను బిత్తరపోయాను.

ఆ రోజుల్లో నాకు సబ్‌స్టేషన్‌లో బాగా గుర్తుండిపోయింది యార్డు కాదు, కంట్రోల్ రూము వెనకుండే బ్యాటరీ గది. తలుపు తీయగానే యాసిడ్ ఘాటు. చెక్క స్టాండ్ల మీద 55 గాజు సెల్లులు, కలిపితే 110 వోల్టులు. ఒక పెద్దాయన రబ్బరు చేతొడుగులేసుకొని ఒక్కో సెల్లులో హైడ్రోమీటరు ముంచి చూసి, రిజిస్టర్లో రాసి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. ఆ బ్యాటరీలు ఎందుకంటే, లైను మీద ఏదైనా జరిగి స్టేషన్ మొత్తం చీకటైనా, బ్రేకర్ (లైనును తెంపే పెద్ద స్విచ్) తెరుచుకోవడానికి అక్కడ కరెంటు ఉండి తీరాలి. ఏడాది మొత్తమ్మీద ఆ గదికి అసలు పరీక్ష వచ్చేది కొన్ని సెకన్లు. ఆ సెకన్లలో రాకపోతే మాత్రం కోట్ల రూపాయల ట్రాన్స్‌ఫార్మర్ బూడిదవుతుంది. ఆ పెద్దాయన జీతం యూనిట్ల లెక్కలో ఎలా ఇస్తారు చెప్పండి?

గ్రిడ్ ప్లాన్ చేసేవాళ్ళ మొదటి నియమం కూడా ఇలాంటిదే. ఏదో ఒక లైనో, ఒక ట్రాన్స్‌ఫార్మరో చెప్పకుండా పోయినా, మిగతావి ఆ భారం మోయగలగాలి. అంటే మామూలు రోజున ఏ లైనూ నిండుగా నడవదు. చూసేవాళ్ళకు వృథాలా ఉంటుంది. ఆ ఖాళీ లేని రోజున ఏమవుతుందో 2012 జులైలో చూశాం.

జులై 30 తెల్లవారుజాము రెండున్నరకు ఉత్తరాది గ్రిడ్ పడిపోయింది. తిప్పలు పడి నిలబెట్టారు. 31 మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పడిపోయాయి. అరవై కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు, రైళ్ళు దారి మధ్యలో నిలిచిపోయాయి. పశ్చిమం నుంచి ఉత్తరానికి వెళ్ళే దారుల్లో కొన్ని అప్పటికే పనుల కోసం ఆపి ఉన్నాయి. మిగిలిన బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను మీద భారమంతా పడింది. ఆ లైను మీద ఫాల్టేమీ లేదు, రిలేలు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది మింగుడు పడని విషయం. లోడు మరీ పెరిగి వోల్టేజి పడిపోయేసరికి, దూరంలో ఎక్కడో ఫాల్టు ఉందనుకొని రిలే బ్రేకర్ కొట్టేసింది. దానికి చెప్పిన లెక్క ప్రకారం అది చేసింది కరెక్టే. ఆ లోడు మిగతా లైన్ల మీదికి దూకింది, అవీ ఒకటొకటిగా కొట్టేశాయి.

ఆ రెండు రోజులూ దక్షిణాది గ్రిడ్‌కు ఏమీ కాలేదు. అప్పటికి మనది వేరే లయ. మిగతా దేశంతో మనకున్న లింకులు తాల్చేరు–కోలార్ లాంటి డీసీ లైన్లూ, మన విశాఖ గాజువాకలో ఉన్నదాని లాంటి డీసీ స్టేషన్లే. డీసీ మీద కరెంటు వస్తుంది గానీ అవతలివాళ్ళ లయ రాదు, కాబట్టి వాళ్ళు పడినా మనం పడం. "చూశారా, విడిగా ఉన్నాం కాబట్టి బతికాం" అని అప్పట్లో చాలామంది అన్నారు. అదే ఏడాది మన ఊళ్ళలో ఏం జరుగుతోందో మర్చిపోయి అన్నారు. ఉమ్మడి ఆంధ్రలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు. తమిళనాడులో గంటల కొద్దీ కోతలు. బయటినుంచి కొనుక్కుందామంటే లైన్లలో చోటు లేదు, ఉన్న కాస్త చోటుకోసం కరెంటు కొనీ అమ్మే ఎక్స్‌చేంజ్‌లో దక్షిణాది ధర విడిగా పైకి పోయేది. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ అదే మోకు పట్టుకున్నాం. ఇప్పుడు ప్రాంతాల మధ్య లక్ష మెగావాట్లకు పైగా పంపుకునే లైన్లున్నాయి. కలిస్తే కలిసి పడిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఆ ప్రమాదాన్ని అదుపులో ఉంచడానికే ఆ ఖాళీలూ, ఆ బ్యాటరీ గదులూ. ఆ బేరం మనకు లాభమనే నేనంటాను.

నా చిత్తూరు మిత్రుడిదీ ఇదే బేరం, ఇంటి స్థాయిలో. సోలార్ పెట్టించిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, కరెంటు పోయింది, దాంతోపాటు నా సోలార్ కూడా పోయింది! ఎండ మాడుతోంది, మోసం చేశారన్నా." మోసమేం లేదు. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్ గ్రిడ్ లయను చూసే తన లయ పెట్టుకుంటుంది. ఆ లయ ఆగితే అదీ ఆగాలి. లేకపోతే కరెంటు తీసేశామని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మన మేడ మీది కరెంటుకి పోతుంది.

బ్యాటరీ పెడితే ఆ సమస్య తీరుతుంది. కానీ బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకు ఐదారింతల కరెంటు గుంజుతుంది, ఆ కుదుపు తట్టుకునే ఇన్వర్టర్ కావాలి. జులై, ఆగస్టుల్లో బెంగుళూరు మబ్బు రోజుల తరబడి కదలదు, ఆ రోజులకు సరిపడా బ్యాటరీ కావాలంటే ఏడాదిలో మిగతా నెలలన్నీ అది ఊరికే పడి ఉండాలి. అంటే తన సొంత కాపలా తనే పెట్టుకోవాలి, అందరితో పంచుకోకుండా. డీజిల్ జనరేటర్ అంటారా, లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. డీజిల్ 90 రూపాయలుంటే యూనిట్ పాతిక దాటింది. నెలకు 435 రూపాయలంటే రోజుకు పదిహేను రూపాయల లోపు. ఆ డబ్బుకి రాయచూరు, శరావతి, కోలార్ డీసీ స్టేషన్ అన్నీ కాచుకొని ఉంటున్నాయి. ఇక నెట్ మీటరింగ్‌లో పగలు మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కిచ్చి, రాత్రి అన్నే వెనక్కి తీసుకొని, "నేను వాడింది సున్నా" అంటే ఎలా? సున్నా మీటరు మీద. రాత్రంతా ఫ్రిజ్ తిరిగింది ఇంకెవరో కట్టిన లైను మీద. స్థిర ఖర్చంతా యూనిట్ ధరలో కలిపేస్తే, సోలార్ పెట్టుకునే స్తోమత ఉన్నవాడు తప్పించుకుంటాడు, అద్దె ఇంట్లో ఉన్నవాడు మోస్తాడు. నా పేచీ అక్కడ.

ఎదుటి వాదనలో బలం లేదని అనను. ఒకటే ఫ్యాను, రెండు లైట్లున్న ఇంటికి ఫిక్స్‌డ్ ఛార్జీ బిల్లులో సగం అయిపోతుంది, అది అన్యాయం. కర్ణాటకలో 2023 ఆగస్టు నుంచి గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద 200 యూనిట్ల లోపువాళ్ళకు ఆ భారం లేదు కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ తగ్గింది. మా గ్రూపులో అరిచేవాళ్ళెవరూ ఆ లెక్కలోకి రారు. ఐదు కిలోవాట్లు రాయించుకొని రెండు కూడా వాడనివాళ్ళు దరఖాస్తు పెట్టి లోడు తగ్గించుకోవచ్చు, తిట్టుకోవడం కంటే అది సులువు. వాన పడగానే కరెంటు పోతోంది, దీనికి కూడా కాపలా రుసుమా అంటారా? వానకు పోయేది ఎక్కువగా 11 కేవీ లైను మీద కొమ్మ పడో, వీధి బాక్సులో నీళ్ళు చేరో. ఆ చివరి కిలోమీటరు మీద నాక్కూడా కోపముంది. కోపం తెప్పించే లైన్లు బిల్లులో ఇంకా ఉన్నాయి, పెన్షన్ బాకీల పేరిట 2025–26లో యూనిట్‌కి 36 పైసలు కలిపారు, దాని మీద గ్రూపులో ఒక్కరూ మాట్లాడలేదు.

ఫిక్స్‌డ్ ఛార్జీతో నాకున్న అసలు తగువు వేరు. ఆ డబ్బు అందాల్సినవాళ్ళందరికీ అందడం లేదు.

కదిరి వైపు మా మేనమామ పొలం మీదుగా 400 కేవీ లైను పోతుంది. ఒక టవరు సరిగ్గా శెనక్కాయ చేలో పడింది. నాలుగు కాళ్ళ మధ్య ట్రాక్టరు మలుపుకోదు, ఆ చోటంతా కంపచెట్లు మొలిచాయి. లైను కింద బోరుబండి నిలబెట్టనివ్వరు. మామిడి పెడితే ఎత్తు పెరగ్గానే కొట్టేస్తారు. తుంపర పడే రాత్రి తీగలు సర్రుమంటూనే ఉంటాయి, కంచె తీగ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. లైను వేసినప్పుడు పోయిన పంటకూ, ఒక చింతచెట్టుకూ డబ్బులిచ్చారు. అంతే. నేను వెళ్ళినప్పుడల్లా మామ అదే అడుగుతాడు. "ఏమిరా అల్లుడా, ఈ కరెంటంతా మీ బెంగుళూరికే పోతాంది గదా, మాకేమొచ్చినట్లు?"

చట్టం అలా ఉంది. లైను కోసం భూమి కొనరు, భూమి రైతు పేరు మీదే ఉంటుంది, మీదుగా తీగ లాగే హక్కు మాత్రం తీసుకుంటారు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో తంతి స్తంభాల కోసం ఇచ్చిన అధికారాలనే, 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ 400 కేవీ టవర్లకూ ఎత్తిపెట్టింది. తంతి స్తంభానికీ ఈ టవరుకీ పోలికేంటి? 400 కేవీ లైను కింద సుమారు 46 మీటర్ల వెడల్పు పట్టీ ఆంక్షల కిందికి పోతుంది. 2015లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది, టవరు చోటుకు భూమి విలువలో 85 శాతం, పట్టీకి 15 శాతానికి మించకుండా అని. 2024 జూన్‌లో వాటిని 200 శాతానికీ, 30 శాతానికీ పెంచారు. మంచిదే, రాష్ట్రాలు ఒప్పుకొని అమలు చేస్తేనే. మా మామ లాంటి పాత టవర్లవాళ్ళకు అదీ లేదు. ఇచ్చేది ఎప్పుడైనా ఒక్కసారే, టవరు మాత్రం మనవళ్ళ కాలం దాకా ఉంటుంది.

పావగడలో చూడండి. సోలార్ పార్కుకు రైతుల భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచుతూ ఇస్తున్నారు. కరెంటు పుట్టే చేనుకు ఏటా కౌలు ఉంటే, అదే కరెంటు పోయే చేనుకు ఎందుకు ఉండకూడదు? రాయచూరు యూనిట్ నడిచినా నడవకపోయినా సిద్ధంగా ఉన్నందుకు డబ్బిస్తున్నాం. టవరు కింద చేను కూడా ఏడాది పొడుగునా సిద్ధంగా ఉన్నట్టే కదా. ట్రాన్స్‌మిషన్ ఛార్జీల్లో టవరు కౌలు అని ఒక పద్దు పెట్టండి, దానివల్ల నా ఫిక్స్‌డ్ ఛార్జీ ఇంకొంచెం పెరిగినా కడతాను.

టారిఫ్ మార్చే ముందు కర్ణాటక విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, వాడకందారు ఎవరైనా అభ్యంతరం రాసివ్వొచ్చు. అంతర్రాష్ట్ర లైన్ల లెక్క ఢిల్లీలోని కేంద్ర మండలిది, అది ఇంకో అర్జీ. నేను రాష్ట్ర లైన్ల వరకు ఒకటి తయారుచేస్తున్నాను. ఫిక్స్‌డ్ ఛార్జీ తగ్గించమని వచ్చే అర్జీల కట్టలో, పెంచి రైతుకివ్వండి అనే కాగితం ఇదొక్కటే ఉండొచ్చు. ఇంగ్లిష్ ప్రతి అయిపోయింది. కన్నడలో కూడా ఇస్తే విచారణలో చదివి వినిపించడానికి బాగుంటుందని నా ఆశ, కానీ నా కన్నడ కూరగాయల బండి దాటి పైకి రాలేదు. ఇది చదివేవాళ్ళలో కన్నడ శుభ్రంగా రాయగలిగినవాళ్ళుంటే కాస్త సాయం పట్టండి.